బాలస్వామి ఒక్కపొద్దులు

పదకొండో చుట్టు పూర్తికాగానే బాలస్వామి వంగి నేల మీద నుంచి చిన్న రాయి తీసి, గోడ పక్కన దొంతరగా పేర్చిన పాత టైర్ల మీద మిగతా పది రాళ్ల పక్కన పెట్టాడు. వంగి లేచేసరికి కళ్లముందు మసకేసింది. టైరు పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి తగ్గింది. డిపో ఆవరణలో అప్పుడప్పుడే వెలుగు వస్తోంది. బస్సులు కడిగే మనిషి పైపు విప్పాడు. నీళ్లు పారుకుంటూ అతని బూట్ల దాకా వచ్చాయి. ఇంకా తొమ్మిది చుట్లున్నాయి. ఇరవై రాళ్లు పడనిదే స్టీరింగు ముట్టకూడదని ఐదు నెలల కింద పెట్టుకున్న నియమం. వాన కురిసినా తప్పలేదు.

ఈ రాళ్ల లెక్క ఫోనును నమ్మి మోసపోయాక పట్టుకున్నది. అతని బస్సు కండక్టరు ఉమ మొదట్లో అతని ఫోనులో అడుగులు లెక్కపెట్టేది ఒకటి వేసిచ్చింది. మొదటి రోజు బస్సు కోడేరు చేరేసరికి పదకొండు వేల అడుగులని చూపించింది. బాలస్వామి పొంగిపోయి భార్య శాంతమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. పొద్దుటి నుంచి తాను సీటు దిగింది రెండేసార్లని తర్వాత గుర్తొచ్చింది. గుంతల రోడ్డు మీద బస్సు ఎగిరిన ఎగురుళ్లన్నీ ఆ ఫోను అతని నడక కింద రాసేసుకుంది. ఉమ నవ్వీ నవ్వీ టికెట్ల మిషను కింద పడేసుకున్నంత పని చేసింది.

అతనికి యాభై నాలుగేళ్లు. మొన్నమొన్నటి దాకా స్టీరింగు తిప్పితే అది పొట్టను రాసుకుంటూ తిరిగేది. ఖాకీ చొక్కాకు నాలుగో గుండీ దగ్గర ఎప్పుడూ ఒక నల్లటి చార ఉండేది. శాంతమ్మ ఎంత ఉతికినా పోలేదు. ఇప్పుడు పొట్టకూ స్టీరింగుకూ మధ్య నాలుగు వేళ్లు పడతాయి. మెడ కింద చర్మం వదులైంది, బుగ్గలు లోపలికి పోయాయి. చూసినవాళ్లు సన్నబడ్డావని మెచ్చుకుంటే ఎంత సన్నబడ్డానని ఎదురు అడిగేవాడు. వాళ్లు చెప్పే కిలోలు అతనికి ఎప్పుడూ తక్కువగానే అనిపించేవి.

ఎందుకంటే ఎల్లుండి గురువారం మెడికల్.

ఆరు నెలల కింద డ్రైవర్లందరికీ పరీక్ష జరిగినప్పుడు అతని బరువు తొంభై ఆరు, షుగరు మూడు వందల పైన. డాక్టరమ్మ కాగితం మీద నుంచి తలెత్తి, మళ్లీ వచ్చేసరికి ఇవి రెండూ దిగకపోతే స్టీరింగుకు సంతకం పెట్టనని నెమ్మదిగా చెప్పింది. ఆమె కసిరి ఉంటే అతనికి ఇంత భయం వేసేది కాదు. సంతకం పడకపోతే ఏమవుతుందో గేటు దగ్గరే కనిపిస్తుంది. అతనితో పాటు ఉద్యోగంలో చేరిన నరసింహ రెండేళ్ల కింద మెడికల్‌లో తప్పి, ఇప్పుడు స్టూలు మీద కూర్చుని వచ్చేపోయే బండ్ల నంబర్లు రాస్తున్నాడు. జీతం వస్తుంది, తిండికి లోటు లేదు. కానీ ఎవరైనా బస్సు వెనక్కి తీస్తుంటే కూర్చున్నచోటే నరసింహ కుడికాలు నేలను గట్టిగా నొక్కుతుంది. బాలస్వామి ఆ కాలు వైపు చూడకుండా గేటు దాటడం నేర్చుకున్నాడు.

స్టీరింగంటే అతనికి అంత ఆశ ఎందుకో శాంతమ్మ ఒక్కదానికే తెలుసు. చిన్నప్పుడు ఏటా ఎండాకాలం అతని అమ్మానాన్నలు మట్టిపనికి దూరదేశాలు పోయేవాళ్లు. లారీ వెనక గంపలు, గిన్నెలు, గొంగళ్ల మధ్య పిల్లలు. దాహమేసినా, ఒంటికొచ్చినా ముందు కూర్చున్న డ్రైవరు బండి ఆపితేనే. పెద్దవాళ్లందరూ అతన్ని బతిమాలడం చూసి, లోకంలో పెద్ద మనిషంటే బండి ఎక్కడ ఆపాలో చెప్పేవాడేనని ఏడేళ్ల బాలస్వామి తీర్మానించుకున్నాడు. ఇరవై ఆరేళ్లుగా తానే ఆ మనిషి. ఆ ఇరవై ఆరేళ్లలో బస్టాండు మిరపకాయ బజ్జీలు, పూటకు నాలుగు చాయ్‌లు, ఏ వేళకో దొరికిన చోట తిన్న అన్నమూ కలిసి అతన్ని తొంభై ఆరు కిలోలు చేశాయి.

మెడికల్ అయిన నెల తర్వాత తిండి మార్చాడు. శాంతమ్మ పొద్దున జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర డబ్బాలో పెట్టేది. చాయ్‌లో చక్కెర మానేశాడు, రాత్రి అన్నం మానేశాడు. బజ్జీల బండి ముందు నుంచి పోకుండా స్టాండు చుట్టూ తిరిగి వెళ్లేవాడు. అలా మూడు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాడు. ఊళ్లో చూపించుకునే డాక్టరు సంతోషించి, ఇలాగే నిదానంగా పొమ్మన్నాడు. బాలస్వామి ఆ నిదానమన్న మాటకే బెంబేలెత్తిపోయాడు. నిదానంగా పోతే మెడికల్ వచ్చేస్తుంది గదా.

అప్పుడు బీచుపల్లి అంజన్నకు మొక్కుకున్నాడు. ఐదు శనివారాలు ఒక్కపొద్దు ఉంటానని, పొద్దుగూకే దాకా పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టనని. మొదటి శనివారం దాటగానే మందుల దుకాణంలోని కాటా ముప్పావు కిలో తక్కువ చూపించింది. అంతే, అతనికి దారి దొరికింది. మంగళవారం కూడా అంజన్నదే గదా అని మంగళవారం కలిపాడు. మెడికల్ తారీఖు తెలిసినాక శివుణ్ని తలుచుకుని సోమవారం చేర్చాడు. నీ దేవుళ్లకు వారాలు సాలుతలేవన్నా అని ఉమ ఎగతాళి చేసింది. శాంతమ్మకు శనివారం సంగతే తెలుసు. సోమ, మంగళవారాల డబ్బా గేటు దగ్గర నరసింహకు వెళ్లేది.

మాత్రలు మాత్రం ఒక్కపూట తప్పలేదు. పొద్దున రెండు, రాత్రి రెండు. మందులు వేళకు వేసుకుంటున్నావా అని డాక్టరు అడిగితే, వేసుకుంటున్నానని గర్వంగా చెప్పాడు. ఒక్కపొద్దుల సంగతి ఆయన అడగలేదు, ఇతను చెప్పలేదు. మందు దవాఖానది, ఒక్కపొద్దు దేవునిది. దేవునికి ఉన్న ఉపవాసం డాక్టరుకు చెప్పుకోవడమేమిటి? ఆ రెండూ ఒకే కడుపులో కలుసుకుంటాయని అతనికి తోచలేదు. రెండు వారాలుగా చెమటలు పడుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి. కొవ్వు కరుగుతోంది కాబోలని లోలోపల సంబరపడ్డాడు కూడా.

ఇవాళ మంగళవారం. నిన్న సోమవారం రాత్రి ఒకే రొట్టె తిన్నాడు. ఇరవయ్యో రాయి పెట్టి, కుళాయి కింద మొహం కడుక్కుని, రెండు మాత్రలు మింగాడు. డబ్బా అందుకుంటూ నరసింహ అతని మొహంలోకి చూశాడు. తిని పో అని ఒక్కమాట అన్నాడు. గురువారం దాటనీయి, ఇద్దరం కూర్చుని తిందామని బాలస్వామి నవ్వి వెళ్లిపోయాడు.

మొదటి ట్రిప్పు బాగానే నడిచింది. రెండో ట్రిప్పు నాగర్‌కర్నూల్ నుంచి పదకొండుంబావుకు బయలుదేరేసరికి బస్సు కిక్కిరిసింది. ఎక్కువమంది ఆడవాళ్లు, ఆధార్ కార్డులు చేతిలో పట్టుకుని. ఉమ వాళ్లకు పైసా లేని జీరో టికెట్లు కొడుతూ అరవై ఎనిమిది మందని వెనక నుంచి కేకేసింది. డ్రైవరు పక్కన ఇంజను మూత మీద ఒక ముసలామె సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పేరు ఈరమ్మ. కాలువ అవతలి ఊరామె. వారానికోసారి ఈ బండికే వస్తుంది. మోకాళ్ల నొప్పుల గురించి, సామాను ధరల గురించి చెబుతూ ఉంటే బాలస్వామి ఊఁ కొడుతున్నాడు.

కొంతదూరం పోయాక ఆమె గొంతు దూరంగా జరిగిపోయింది. వీపంతా తడిసింది, పెదవులు మొద్దుబారాయి. ఎదురుగా వస్తున్న మోటారు సైకిలు రెండుగా కనిపించి మళ్లీ ఒకటైంది. నీళ్ల సీసా అందుకోబోతే చెయ్యి పక్కకు పోయింది. ఇంకో అరగంట ఓర్చుకుంటే కోడేరు వస్తుందని తనకు తాను చెప్పుకున్నాడు. తర్వాతి స్టాపు ఏదో గుర్తు తెచ్చుకోబోయాడు. రాలేదు. పదకొండేళ్లుగా బస్సు నడుపుతున్న రోడ్డు. ఒళ్లంతా భయం పాకింది. ముందు కాలువ వంతెన కనిపించింది. పిట్టగోడలు మోకాలెత్తు కూడా లేవు. నీళ్లు నిండుగా పోతున్నాయి. కాలు ఎక్కడుందో తెలియకుండానే బ్రేకు నొక్కి, బండిని ఎడమకు దించి, హ్యాండ్ బ్రేకు లాగాడు. వంతెన ఇంకా వంద గజాలుంది.

టైరు పోయిందేమోనని కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఉమ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. ఏమైందని అడిగితే బాలస్వామి నోరు తెరిచాడు గాని మాట రాలేదు. ఈరమ్మ లేచి అతని మెడ వెనక చెయ్యి పెట్టి చూసింది. చల్లగా, తడిగా ఉంది. ఆమె భర్త షుగరుతో ఎనిమిదేళ్లు బాధపడి పోయినవాడు. షుగరు పడిపోతే పట్టే ఆ చెమట ఆమెకు తెలుసు.

"మాత్రలు ఏస్కున్నవా?" అంది.

తలూపాడు.

"ఏమన్న తిన్నవా?"

లేదన్నట్టు చూశాడు. ఆమె సంచిలోంచి బెల్లం అచ్చు తీసి, ఇనుపకడ్డీకి కొట్టి, పిడికెడు ముక్క అతని నోటి దగ్గర పెట్టింది. అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఒక్కపొద్దున్నమ్మా," అన్నాడు. నాలుక తడబడింది. "అంజన్న ఒక్కపొద్దు. ఎల్లుండి మెడికలుంది."

ఉమకు ఏం చెయ్యాలో తోచక ఏడుపొచ్చేసింది. ఈరమ్మ మాత్రం కోప్పడలేదు. బెల్లం ఉన్న చెయ్యి దించనూ లేదు.

"నీ ఒక్కపొద్దు నేనుంట బిడ్డా. పొద్దుగాల్నుంచి నేను గూడ ఏం తినలే. పొద్దుమూకినంక దీపం పెట్టి, నీ పేరు చెప్పి ఇడుస్త. నువ్వు తిను."

బాలస్వామి నోరు తెరిచాడు. పళ్లతో కొరికి, నమిలే ఓపిక లేక చప్పరించాడు. ఉమ నీళ్లు తాగించింది. ఐదు నెలలుగా నాలుకకు తగలని తీపి గొంతులోంచి దిగుతుంటే అతనికి సిగ్గేసింది, హాయిగానూ ఉంది. ఇంకోసారి కొరికాడు. మిగిలిన ముక్కను ఈరమ్మ ముందు అద్దం కింద ఒక కాగితం మీద పెట్టింది.

పావుగంటకు చేతుల వణుకు నిలిచింది. రోడ్డు మళ్లీ ఒక్కటిగా కనిపించింది. తర్వాతి స్టాపు పేరు కూడా దానంతటదే గుర్తొచ్చింది. వెనక జనం గొణగడం మొదలుపెట్టారు. ఒకాయన, మనిషి బాగానే ఉన్నాడు గదా ఇంక పోనీయమని గట్టిగానే అన్నాడు. ఉమ వంగి అతని చెవి దగ్గర మెల్లగా చెప్పింది.

"అన్నా, నేను ఎవలకు చెప్ప. టైర్ల గాలి సూడనీకె ఆగినమంట. నిమ్మళంగ పోదాం."

బాలస్వామి తాళం మీద చెయ్యి వేశాడు. నిజంగానే బాగుంది. ఎవరికీ తెలియదు. వంతెన దాటితే పాతిక నిమిషాలు. గురువారం కాటా ఎక్కితే ఎనభై ఎనిమిది చూపిస్తుంది. నిన్న సాయంత్రమే చూసుకున్నాడు. డాక్టరమ్మ సంతకం పెడుతుంది. పైన అద్దంలో చూశాడు. ఒకామె పిల్లకు పాలిస్తోంది. ఇద్దరు ముగ్గురు నిద్రపోతున్నారు. డ్రైవరున్నాడు గదా అనే ధీమాతోనే ఎవరైనా బస్సులో నిద్రపోతారు. ఇందాక కాలు ఎక్కడుందో తనకు తెలియలేదన్న సంగతి వాళ్లెవరికీ తెలియదు. అతనికి తెలుసు.

తాళం మీద నుంచి చెయ్యి తీసి, ఫోను అందుకుని డిపోకు కలిపాడు.

"కోడేరు బండి కాలువ కాడ ఆపిన. బండి మంచిగనే ఉంది. నాకే మంచిగ లేదు. కండ్లు కనపడలే. ఇంకో డ్రైవర్ను పంపుండ్రి."

అవతల ఏదో అడిగారు. ఏమీ దాచకుండా చెప్పాడు, మాత్రలు, ఉపవాసాలు, వారాలతో సహా. వాళ్లు రాసుకుంటున్న చప్పుడు వినబడుతున్నట్టే అనిపించింది. గురువారం డాక్టరమ్మ కాటా కంటే ముందు ఈ రాతే చూస్తుంది. ఫోను పెట్టేసి కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు. వేరుశనగ చేలో కలుపు తీస్తున్న ఇద్దరు ఆడవాళ్లు తలెత్తి చూసి, మళ్లీ వంగి పనిలో పడ్డారు. ఇందాక బండి పోనీయమన్నాయన వచ్చి తన నీళ్ల సీసా ఇచ్చాడు.

ముప్పావుగంటకు డిపో జీపు వచ్చింది. అందులోంచి దిగిన కుర్ర డ్రైవరు పేరు రాజశేఖర్. జీపులోనే బాలస్వామిని దవాఖానకు తీసుకుపోవాలన్నారు. బాలస్వామి సీటు వెనక తగిలించుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. తలుపు పట్టుకుని కిందికి దిగాడు. రాజశేఖర్ ఎక్కి కూర్చుని సీటు ముందుకు జరుపుకుంటుంటే కింద నుంచి చూశాడు.

"మూడో గేరు జర గట్టిగుంటది. గుంజి ఏయ్," అన్నాడు.

జీపు తిరిగి వెళ్లిపోయింది. ఆ తర్వాత బాలస్వామి మళ్లీ ఆ సీట్లో కూర్చోలేదు.

బస్సు నిదానంగా వంతెన ఎక్కి అవతలికి దిగింది. మూడో గేరు రెండుసార్లు కరకరలాడింది. తన ఊరి దగ్గర ఈరమ్మ దిగుతుంటే, అద్దం కింది బెల్లం తీసుకుపొమ్మని ఉమ గుర్తు చేసింది. ఉండనీ, ఆయన ఎంగిలి చేసినది ఆయనదే అని, సంచి సర్దుకుని, మోకాళ్లు పట్టుకుంటూ ఆమె మెట్లు దిగింది. ఉమ డబుల్ బెల్ కొట్టింది.

కాగితం మీద ఆ సగం ముక్క మధ్యాహ్నపు ఎండకు మెత్తబడి, రెండుచోట్ల పడిన పళ్లగాట్లు కొంచెం కొంచెంగా పూడుకుంటూ, కోడేరు దాకా వెళ్లింది.