అలివేలు కోపం మీద నడిచిన ఎక్స్‌రే మిషను

పొద్దున ఎనిమిదింటికల్లా అలివేలు సోలై నగర్ నుంచి వచ్చే ఐసుగడ్డని గోనెసంచిలో అందుకుని, సుత్తితో పగలగొట్టి, డార్క్‌రూములో డెవలపర్ తొట్టి చుట్టూ పేర్చేది. పుదుచ్చేరి ఎండకి ఆ మందునీళ్లు వేడెక్కాయంటే ఫిల్ములు బొగ్గులా నల్లబడిపోతాయి. చేపల షెడ్లలో వాడే ఐసు కాబట్టి గదంతా నీచు వాసన. సాయంత్రం ఇంటికి పోతే వాళ్లమ్మ చెంబుడు నీళ్లతో వాకిట్లోనే నిలబడి ఉండేది.

తర్వాత ఫిల్ములు పెట్టే క్యాసెట్లు తుడవడం, సీసపు ఏప్రన్లు యాడన్నా పగిలాయేమో చూడడం. పది కొట్టేసరికి కుర్ర డాక్టర్లకి పాఠం. ఆ పశువుల ఆస్పత్రికి ఏటా నలుగురు కొత్త డాక్టర్లు ఆరు వారాలు ఎక్స్‌రే పని నేర్చుకోడానికి వస్తారు. ఆవుని ఎలా నిలబెట్టాలి, కుక్క తుంటిని ఎలా తిప్పి పడుకోబెట్టాలి, ఫిల్ము మీద నీడకీ బీటకీ తేడా ఏమిటి, అన్నీ అలివేలే నేర్పేది. నేర్చుకున్నవాళ్లు ఆఫీసర్లయి వెళ్లిపోయేవాళ్లు. రిజిస్టరులో ఆమె మాత్రం పదకొండేళ్లుగా డార్క్‌రూమ్ హెల్పరు. ఆమె చదివిన ఫిల్ములన్నింటి కిందా సంతకం పెద్ద డాక్టరు వరదరాజులుది.

అందుకే ఆమెకి కోపం. అరవదు, గిన్నెలు విసరదు. ఆ కోపం రొమ్ము వెనక ఒకచోట కూర్చుని, నిప్పుల కుంపటిలా ఎప్పుడూ రాజుకుంటూ ఉండేది.

చేరిన ఏడాదే దాని సంగతి బయటపడింది. గొంతులో గాలం దిగిన ఒక కుక్కని బల్ల మీద పడుకోబెట్టగానే కరెంటు పోయింది. ఆ పొద్దునే వరదరాజులు ఆమె రాసిన నోట్సుని తన పేరు మీద ఎక్కడికో పంపించాడని తెలిసింది. పళ్లు కొరుక్కుంటూ మిషను మీద చెయ్యి పెట్టింది. మిషను గుర్రుమంది, మీటరు ముల్లు లేచింది, గాలం ఫిల్ములో తెల్లగా పడింది. అప్పటినుంచీ కరెంటు పోతే ఎవరూ గాభరాపడలేదు. రిజిస్టరులో కరెంటు అని ఉన్న గడిలో ఆ రోజుల్లో 'అలివేలు' అని రాసేవాళ్లు. లైన్‌మన్ కూడా ఊరంతా బాగుచేసుకుని ఆ వీధికి చివర్లో వచ్చేవాడు.

ప్రతి ఫిబ్రవరిలో ఆమె మద్రాసు పశువైద్య కాలేజీలో ఎక్స్‌రే కోర్సుకి అర్జీ పెట్టేది. ఏడాది చదువు. అది ముగిస్తే ఫిల్ము కింద తన పేరు తనే రాసుకోవచ్చు. అర్జీ వరదరాజులు చేతుల మీదుగా పోవాల. వేసవిలో ఆయనే పిలిచి, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో మెత్తగా చెప్పేవాడు.

"ఈసారీ రాలేదమ్మా. మన తెలుగోళ్లకి ఆడ ఎవురిస్తారు చెప్పు?"

ఆమె కోపం మద్రాసు మీదికి మళ్లేది. ఆ వేసవంతా మిషను దివ్యంగా నడిచేది.

ఎనభై నాలుగు మే నెల పద్నాలుగున, తట్టాంచావడి ఫ్యాక్టరీలకి బండి తోలే మారిముత్తు తన ఎద్దుని మెల్లగా నడిపించుకుంటూ వచ్చాడు. దాని కుడి ముందుకాలు నేలకి ఆనడం లేదు. కుర్ర డాక్టర్లని పరీక్షించడానికి మద్రాసు కాలేజీ నుంచి ప్రొఫెసర్ లోగనాయకి వచ్చింది కూడా ఆరోజే. యాభై దాటిన మనిషి, నూలుచీర, పొదుపు మాటలు.

ఎద్దుని మిషను ముందు నిలబెట్టారో లేదో కరెంటు పోయింది.

"అలివేలు ఉండాది కదా, ఏం పరవాలేదు," అన్నాడు వరదరాజులు.

"ఈమె ఎవరు?" అని అడిగింది ప్రొఫెసరు.

"హెల్పరు మేడమ్. బటన్ నొక్కుతాది. అంతకు మించి ఏమీ తెలీదు."

ఆమె దగ్గర ఐదు వారాలుగా నేర్చుకుంటున్న నలుగురూ నేల చూపులు చూశారు. అలివేలుకి చెవులు వేడెక్కాయి.

ప్రొఫెసరు ముందు గొప్ప కోసం వరదరాజులు తనే ఎద్దు కాలి పక్కన గొంతుక్కూర్చుని క్యాసెట్టు పట్టుకున్నాడు. తెల్లకోటు అంచు కాలికీ క్యాసెట్టుకీ మధ్య వేలాడింది.

"సార్, ఏప్రన్ వేసుకోండి. కోటు అడ్డమొస్తాండాది."

"నాకు నేర్పేదానివయితివా? ఎవురి ముందర మాట్లాడతాండావు? నొక్కు!"

అలివేలు రెండు చేతులూ మిషను మీద ఆనించింది. ముల్లు ఎన్నడూ పోనంత దూరం పోయి, చివరి గీతకి కొట్టుకుంది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఎద్దు చెవులు నిక్కించి నిలబడింది.

డార్క్‌రూములో చీకట్లో నిమిషాలు లెక్కపెట్టుకుంటూ ఫిల్ము కడిగి, నీళ్లు కారుతుండగానే తెచ్చి కిటికీ వెలుతురుకి పట్టింది.

"చెప్పండి," అంది ప్రొఫెసరు కుర్రాళ్లతో.

"ఎముక బాగానే ఉంది మేడమ్."

"బెణుకు," అన్నాడు వరదరాజులు. "నూనె రాసి రేపట్నుంచి బండి కట్టుకోవచ్చు."

"బెణుకు కాదు," అంది అలివేలు. వేలితో చూపించింది. "వెంట్రుకంత బీట. నీడయితే అంచుకి ఆవల కూడా పోతాది, ఇది ఎముక అంచులోనే ఆగింది. బండి కడితే నాలుగు రోజుల్లో కాలు రెండు ముక్కలు."

ప్రొఫెసరు కళ్లద్దాలు తీసి ఫిల్ముకి ముఖం ఆనించినంత దగ్గరగా చూసింది. "అవును," అంది. చూపు కిందికి దిగి అక్కడే ఆగిపోయింది.

ఎద్దు గిట్ట పక్కన, కోటు జేబు పడిన చోట, టైపు కొట్టిన అక్షరాలు వరసలు వరసలుగా తెల్లగా పడున్నాయి. తిరగబడి ఉన్నాయని అలివేలు ఫిల్ముని మరోవైపు తిప్పింది. ప్రొఫెసరు పైకి చదివింది. డి. అలివేలు కోర్సుకి ఎంపికైనట్టు, మే పద్నాలుగు, అంటే ఆరోజు సాయంత్రం ఐదు లోపల హాజరు కాకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తున్నట్టు. అడుగున ఉన్న సంతకం ప్రొఫెసరుదే.

"మూడేళ్లుగా నీకు సీటు ఇస్తున్నాను. నీకు రావడం ఇష్టం లేదని మీ డాక్టరు ఉత్తరాలు రాస్తున్నారు."

వరదరాజులు జేబులోంచి కాగితం తీశాడు. అది ఖాళీగా ఉంది. అక్షరాలన్నీ ఫిల్ములోకి వచ్చేశాయి. ఆయన ముఖంలో సిగ్గు లేదు.

"నీ మీద పగ యాడిది నాకు? సీటొస్తే నీ కోపం చల్లారిపోతాది. అది చల్లారితే, కరెంటు లేని దినం ఈ నోరులేని జీవాలకి దిక్కెవురు? ఆస్పత్రి బాగు చూసినాను."

గదిలో అందరూ ఆ లెక్క సరైనదే అన్నట్టు నిలబడ్డారు. ఎద్దు మూడుకాళ్ల మీద నిలబడి అలివేలు వైపు చూస్తోంది. దాన్ని వదిలి పోవడమెలా అనుకుంటూనే ఆమె అడిగింది.

"పదకొండేండ్లలో ఒక్కతూరన్నా జనరేటరు కావాలని రాసినారా?"

"ఎందుకు? నువ్వుండావు కదా!"

ఆ మాటతో లెక్క తేలిపోయింది. అలివేలు ఏప్రన్ విప్పి ఆయన చేతుల్లో పడేసింది. సీసం బరువుకి ఆయన ముందుకి తూలాడు.

"ఎద్దుకి పిండికట్టు వేయండి, నేర్పినాను గదా," అంది కుర్రాళ్లతో. వాళ్లు ఉలిక్కిపడి కదిలారు. "మారిముత్తన్నా, ఆరు వారాలు కాడి ఎత్తొద్దు. ఎవురు చెప్పినా వినొద్దు."

"ఈ ఫిల్ము పట్టుకుపో, మా ఆఫీసులో చూపించు," అంది ప్రొఫెసరు. "పరుగెత్తు."

పన్నెండు గంటల బస్సు దొరికింది. తిండివనంలో టీకి ఆపిన డ్రైవరు మళ్లీ తాళం తిప్పితే బస్సు ఉలకలేదు. బ్యాటరీ చచ్చిపోయింది. మగవాళ్లంతా దిగి రెండుసార్లు తోశారు. జనంతో, మూటలతో నిండిన బస్సు మూరెడు కూడా జరగలేదు. ఇంకో బస్సు మూడు దాటాకే అన్నాడు కండక్టరు. అది ఎక్కితే ఐదుకి చేరేది లేదు.

అలివేలు ఫిల్ముని ఒళ్లో పెట్టుకుని రొమ్ము వెనక వెతుక్కుంది. భయం వేసింది. సీటు వచ్చేసింది. ఆయనన్నట్టు కోపం చల్లారిపోయి ఉంటే? ముందు ఏమీ తగల్లేదు. తర్వాత ఆ మెత్తటి గొంతు గుర్తొచ్చింది. ఆడ ఎవురిస్తారు చెప్పు. మూడు వేసవులు. నేల చూపులు చూసిన నాలుగు తలలు. పదకొండేళ్లు ఎద్దులకీ కుక్కలకీ మేకలకీ ధారపోసిందే గానీ, ఒక్కరోజు కూడా తనకోసం వాడుకోలేదు.

దిగి వెళ్లి బ్యాటరీ పెట్టె మీద అరచెయ్యి ఆనించింది.

డ్రైవరు పైనుంచి వంగి చూశాడు. "ఎవురి మీద కోపం తల్లీ?"

"శానామంది మీద అన్నా."

"మద్రాసు దాకా వస్తుందా?"

"వస్తాది. తాళం తిప్పు."

బస్సు ఒక్కసారి ఒళ్లు విదిలించుకుని లేచింది. తోసి అలిసినవాళ్లు చెమటలు తుడుచుకుంటూ ఎక్కి, ఆమెకి ఇంజను పక్కన సీటు ఖాళీ చేశారు.

ఐదుకి ఎనిమిది నిమిషాలు ఉండగా కాలేజీ గుమాస్తా ఆ ఫిల్ముని వెలుతురుకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చదివి, ఎద్దు కాలు ఎలా ఉందని అడిగి, రిజిస్టరు ఆమె ముందుకి జరిపాడు.