దారం పట్టిన చోటు

సుద్దముక్క కిర్రుమంది.

ఉప్పెన నీళ్ళు తాగిన నల్లబల్ల. ఏడాది గడిచినా ఇంకా ఉప్పు కక్కుతూనే ఉంది... సుద్ద అంటనంటోంది.

జహీదా దారం కొసని బొటనవేలితో నొక్కిపట్టి, రెండో కొసకి కట్టిన సుద్దతో పెద్ద వలయం తిప్పింది. అది ఒక లోకం. దాని లోపల, అంచుకి దగ్గరగా, చిన్న వలయం. అదీ దారంతోనే.

వెనక బెంచీలో నరసింహారావు మాస్టారు. ఒకప్పుడు ఆమెకి లెక్కలు చెప్పిన మనిషి. ఈ పాఠం బాగుందని ఆయన సంతకం పెడితేనే బందరులో ఆమె ఉద్యోగం ఖాయం. లేకపోతే లేదు — సొంతూరు కృత్తివెన్ను తిరిగి వెళ్ళడానికి ఇల్లు లేదు. సముద్రం ఉంచలేదు.

ఆయనంటే ఆమెకి ద్వేషం. "అంచు ఊళ్ళ పిల్లని ఇంతదాన్ని చేసింది నేనే" అంటాడు. నలుగురిలో అంటాడు. ప్రతిసారీ అంటాడు.

"ఇది అతిపరావలయ రేఖాగణితం," అంది క్లాసుతో. "ఈ లోకంలో అంచుకి వెళ్ళేకొద్దీ అడుగు కురచైపోతుంది. మనకి జానెడు... వాళ్ళకి ఆమడ."

చిన్న వలయంలో చుక్క పెట్టింది. దారం పట్టిన చోట కాదు. అంచు వైపుకి జరిపి.

క్లాసు కిసుక్కుమంది.

మాస్టారు లేచి వచ్చాడు. సుద్ద లాక్కుని, చిన్న వలయానికి నడిమధ్య ఇంకో చుక్క పెట్టాడు.

"దారం ఎక్కడ పట్టావో అదే కదమ్మా సెంటరు."

"అది బయట నుంచుని చూసే యూక్లిడ్‌కండీ. లోపల నడిచి కొలుచుకునేవాళ్ళకి మధ్య ఇదే. వలయం బదులు బంతి తీసుకున్నా ఇంతేనండీ."

ఆమె చుక్కే సరైనదని ఆయనకి తెలుసు. తెలిసే అడుగుతున్నాడు.

"అంచునున్నవాళ్ళు కూడా మధ్య ఎక్కడో చెబుతారన్నమాట." తుడిచే గుడ్డ ఆమె చేతిలో పెట్టాడు. "నీది తుడిచెయ్యి. సంతకం పెట్టేస్తాను."

ఆ రేఖాగణితంలో వ్యాసార్ధం కాస్త పెరిగితే చాలు, పరిధి పొంగిపోతుంది — యూక్లిడ్ లెక్కకి అందకుండా. ఆమె కోపమూ అంతే. ఒక్క మాట... ఒళ్ళంతా మంట.

తుడిచింది.

ఆయన చుక్కని.

మాస్టారు పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"గీసుకోండి," అంది జహీదా, వెనక్కి చూడకుండా.

క్లాసంతా ముందు మాస్టారి మొహం చూసింది. తరవాత ఆమె మొహం. తలలు వంచి వలయాలు గీశారు — పెద్దదీ, చిన్నదీ.

ఆమె బెంచీల మధ్య నడుస్తూ చూసింది.

ఒక్కరూ చుక్క పెట్టలేదు.