పన్నెండో నంబరు బొచ్చె రక్తం

నేను ఒక గాజు సిరంజిని. బట్టీలో పుట్టి, ఒంటి నిండా కొలత గీతలు గీయించుకుని, మొదట ఒక కాంపౌండరు చేతికి చిక్కాను. సూది తగలకముందే కెవ్వుమనే మనుషుల మధ్య పదేళ్లు గడిపాను. ప్లాస్టిక్ సిరంజీలు రాగానే నన్ను అటకెక్కించారు. అక్కణ్ణుంచి కొల్లేటి పక్కనున్న ఒక చేపల పరిశోధన కేంద్రానికి వచ్చిపడ్డాను. నోరులేని జీవాలు కదా, ఇక హాయిగా ఉండొచ్చనుకున్నాను. నా మొహం!

ఇక్కడి శాస్త్రవేత్త కమలిని గారికి అన్నీ వరసలో ఉండాలి. చెరువు చూసుకునే నాంచారయ్య పొద్దున్నే పన్నెండు తల్లి బొచ్చె చేపల్నీ ఒకేసారి వలేసి పట్టి తొట్టెలో వేయాలి. ఒకటో నంబరు నుంచి ఒక్కొక్కదాన్నీ లవంగ నూనె కలిపిన నీళ్లలో మత్తెక్కించి, తడిగుడ్డ మీద పడుకోబెడతారు. తోక మొదట్లో కిందివైపు నుంచి నా సూదిని వెన్నెముక దాకా దించి, మెల్లగా రక్తం లాగుతారు. మంచినీళ్లలో వదిలితే కాసేపటికి తేరుకుని ఈదుతుంది.

పన్నెండోదాని వంతు వచ్చేసరికి అది గంటసేపు తొట్టెకు కొట్టుకుంటూ ఉంటుంది. ఈ నెల మూడుసార్లు తీస్తే మూడుసార్లూ దాని రక్తంలో చక్కెర ఆకాశాన్నంటింది. జబ్బేనని తేల్చేసింది ఆవిడ. "రేపు కోసి లోపల చూద్దాం" అంది. జబ్బు కాదు తల్లీ, భయం! ఆ రక్తం మోసిన నాకు తెలుసు. చెప్పడానికి నోరేది? ట్రేలో నాకు ఒకచోట నిలకడ లేదు.

మర్నాడు నాంచారయ్య కత్తి తేలేదు.

"అమ్మగారూ, బెదిరిన చేప తీరు వేరండి. దీన్ని వేలెడంత పిల్లప్పట్నుంచీ మేపాను. జబ్బయితే మేత ముట్టదండి. ఒక్కసారి దీన్నే ముందు తీసి చూడండి."

ఆవిడ చిరాకుపడింది. పడుతూనే సరేనంది. పన్నెండోదాన్ని వలలోంచి నేరుగా మత్తు నీళ్లలోకి దించారు. ఒకటోదాన్ని ఆఖరికి ఉంచారు.

పన్నెండోదాని చక్కెర మామూలుగానే ఉంది. ఈసారి ఒకటోదానిది ఎక్కి కూర్చుంది.

"బతికిపోయింది నాంచారయ్యా! తప్పంతా నా వరసదే!" అని కమలిని గారు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

నాంచారయ్య చేపను చెరువులో వదిలి వచ్చి, చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"మరి పోయిన నెల ఇలాగే జబ్బని కోసేసిన పదమూడోదో అండి?"

ఆవిడ నన్ను కుళాయి దగ్గరికి తీసుకెళ్లి కడిగింది. మళ్లీ కడిగింది. మూడోసారీ కడిగింది. నేను మొదటిసారికే శుభ్రమయ్యాను.