ఐదో పడవ

దీపాల ఉత్సవానికి ఆ ఏటితో అరవై ఏళ్ళు నిండుతున్నాయని పురపాలక సంఘం ఒక చిన్న పుస్తకం వేయాలనుకుంది. రాసే పని రికార్డుల గది గుమాస్తా నెత్తిన పడింది. ఊళ్ళో అంతకంటే బాగా రాసేవాళ్ళు లేక కాదు; పాత కాగితాలతో ముప్పై ఏళ్ళుగా కాపురం చేస్తున్నది ఆవిడ ఒక్కతే.

"నాలుగు పేజీలు చాలక్కా," అన్నాడు చైర్మన్. "అందరికీ తెలిసిన కథేగా. కాస్త నగిషీలు చెక్కితే సరి."

అందరికీ తెలిసిన కథ ఇది. ఒక సాయంత్రం తుఫాను గాలికి లైట్‌హౌస్ అద్దాలు పగిలి దీపం ఆరిపోయింది. వేటకెళ్ళిన పడవలు ఇంకా సముద్రం మీదే ఉన్నాయి. రేవు వీధి ఆడవాళ్ళు ఇళ్ళలో ఉన్న లాంతర్లన్నీ వెలిగించి సముద్రం వైపు కిటికీల్లో పెట్టారు. ఆ వెలుగు పట్టుకుని పడవలన్నీ క్షేమంగా ఒడ్డుకు చేరాయి. మరుసటి ఏడు అదే రోజున మళ్ళీ దీపాలు పెట్టారు. పోనుపోను లాంతర్లు పోయి బల్బులొచ్చాయి, బల్బుల వెనక అంగళ్ళొచ్చాయి, అంగళ్ళ వెనక పొరుగూరి జనమొచ్చారు.

ఇంతే రాసి ఇచ్చేస్తే గొడవే లేకపోను. కానీ గుమాస్తాకి కాగితం చూడకుండా ఒక్క ముక్క రాసే అలవాటు లేదు. అటకెక్కిన కట్టలన్నీ దింపింది. ఆవిడ మొగుడు గడియారాలు బాగుచేసుకుంటూ, "కొండ తవ్వుతున్నావు, ఎలుక కూడా దొరకదు," అని నవ్వాడు.

దొరికింది. అట్ట చివికిపోయిన పుస్తకం, లైట్‌హౌస్ కాపలాదారు రోజూ రాసుకునేది. చెమ్మకు అతుక్కుపోయిన పేజీలను స్కేలుతో మెల్లగా విడదీసింది. తుఫాను రోజు పేజీలో నాలుగే నాలుగు వాక్యాలున్నాయి.

"ఉదయం ఐదు పడవలు వెళ్ళాయి. సాయంత్రం నాలుగున్నర: కొండ వీధి చివరింటివాళ్ళ పడవ ఉత్తరపు రాళ్ళకు కొట్టుకుని బోల్తా పడింది. ముగ్గురూ పోయారు, ఈ గాలిలో చేయగలిగింది లేదు. ఆరుంబావు: అద్దాలు పగిలాయి, దీపం ఆరింది."

తర్వాతి పేజీ నుంచి చేతిరాత వేరు. దీపం మళ్ళీ వెలిగించబోయిన పాత కాపలాదారు కళ్ళలో గాజు పెంకులు గుచ్చుకుంటే నగరంలో ఆస్పత్రికి పంపారని, తాను కొత్తగా చేరానని రెండోవాడు రాసుకున్నాడు. మొదటివాడు మళ్ళీ ఈ ఊరి మొహం చూడలేదు.

కొండ వీధి చివరిల్లంటే ఊరంతటికీ చీకటిల్లు. ఉత్సవం నాడు కోళ్ళగూటికి కూడా బల్బు కట్టే ఊళ్ళో ఆ ఒక్క ఇంటికే దీపం ఉండదు. పీనాసి కొంప అన్నారు, పొగరన్నారు. చిన్నప్పుడు గుమాస్తా కూడా తోటి పిల్లలతో కలిసి ఆ కిటికీల మీద గులకరాళ్ళు విసిరింది. ఇప్పుడక్కడ బడి పిల్లలకు యూనిఫారాలు కుట్టే పెద్దావిడ ఒక్కతే ఉంటోంది. డెబ్బైకి ఒక ఏడు తక్కువ.

గుమాస్తా వెళ్ళేసరికి ఆవిడ మిషన్ మీద ఉంది. తలెత్తలేదు.

"పిన్నిగారూ, మీ నాన్నగారి పడవ గురించి అడుగుదామని వచ్చాను."

మిషన్ ఆగింది. "ఎవరు చెప్పారు నీకు?"

"పాత పుస్తకంలో ఉంది."

"మా అమ్మ సంగతీ ఉందా?"

"లేదండీ. ఏం సంగతి?"

పెద్దావిడ సూది కింద ఇరుక్కున్న గుడ్డను లాగి, మడత పెట్టి, పక్కన పెట్టింది. చెప్పాలా వద్దా అన్నది ఆ మడతలోనే తేల్చుకున్నట్టుంది.

"నాకప్పుడు తొమ్మిదేళ్ళు. లైట్‌హౌస్ ఆరిపోగానే మా అమ్మ పై గది కిటికీలో పెద్ద లాంతరు పెట్టింది. మిగతా దీపాలన్నీ రేవు వీధిలో. కొండ మీద మాదొక్కటే, సరిగ్గా రాళ్ళ పైన. నాలుగు పడవలు రేవుకెళ్ళాయి. తెల్లారి చూస్తే మా నాన్న పడవ చెక్కలు మా కిటికీ కిందే ఉన్నాయి. ఇంటి దీపం చూసుకుని నేరుగా వచ్చేశాడని అమ్మ లెక్క. 'నేనే పిలిచి చంపుకున్నానే' అంది. ఒక్కసారే అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, ఆ కిటికీ తెరవలేదు."

"ఊళ్ళోవాళ్ళకి తెలియదా, ఒక పడవ పోయిందని?"

"ఎందుకు తెలియదు? మొదట్లో గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్ళు. పండగ పెద్దదయ్యేకొద్దీ 'నాలుగు పడవలు' కాస్తా 'పడవలన్నీ' అయింది. చావు కబురు ఎవరు మోస్తారమ్మా అరవై ఏళ్ళు?"

"లాంతరు ఎన్నింటికి వెలిగించారు?"

"దీపం ఆరాకేగా. ఆరున్నరో, ఏడో."

గుమాస్తా నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. అలాంటి మాట ఉత్త నోటితో చెప్పేది కాదు. "రేపొస్తాను," అని లేచింది.

రికార్డుల గది పుస్తకం గడప దాటకూడదన్నది ఆవిడ పెట్టుకున్న నియమమే. మర్నాడు దాన్ని తువ్వాల్లో చుట్టి సంచీలో వేసుకుని కొండెక్కింది.

పెద్దావిడ కళ్ళజోడు తుడుచుకుని, పేజీని వెలుగు వైపు తిప్పి, వేలు పెట్టుకుని చదివింది. "నాలుగున్నర," అంది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. "నాలుగున్నరకే?"

"అవునండీ. లాంతరు వెలిగించడానికి రెండు గంటల ముందే."

ఆవిడ ఏడుస్తుందనుకుంది గుమాస్తా. ఏడవలేదు. కళ్ళజోడు తీసి గుమాస్తా మొహంలోకి చూసింది.

"ఈ పుస్తకం ఇన్నాళ్ళూ ఎక్కడుంది?"

"నా గదిలో."

"నువ్వక్కడ ఎన్నాళ్ళ నుంచి?"

"ముప్పై ఏళ్ళు."

"మా అమ్మ పోయి పన్నెండేళ్ళు."

ఇద్దరూ మనసులో తీసివేత చేసుకున్నారు. పద్దెనిమిదేళ్ళు. పెద్దావిడే లేచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"రాయి," అంది. "ముగ్గురి పేర్లూ రాయి, టైముతో సహా రాయి. లాంతరు సంగతి మాత్రం వద్దు. అది మా ఇంటి గొడవ."

చైర్మన్ కాగితాలు చదివి నుదురు రుద్దుకున్నాడు. "పండగ పూట ఇదేంటక్కా? ఐదో పడవ ఎక్కడ్నుంచి తెచ్చారు?"

"చరిత్ర రాయమన్నారుగా."

"మంచి చరిత్ర రాయమన్నాను."

"అయితే నా పేరు తీసేసి మీకు నచ్చినట్టు రాయించుకోండి. పుస్తకం మాత్రం నా గదిలోనే ఉంటుంది. అడిగినవాళ్ళకి చూపిస్తాను."

చైర్మన్ మొండివాడే కానీ చెడ్డవాడు కాదు. పైగా గుమాస్తా మాట మీద నిలబడే మనిషని తెలుసు. రెండు రోజులు నానబెట్టి, మూడో పేజీలో అడుగున, చిన్న అక్షరాలతో వేయడానికి ఒప్పుకున్నాడు.

పుస్తకం వచ్చింది. చాలామంది వెనకట్ట మీద తమ కొట్టు ప్రకటన ఉందో లేదో చూసుకుని పక్కన పడేశారు. మూడో పేజీ దాకా వెళ్ళినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు చీకటింటి గుమ్మం దాకా వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక, చొక్కాలు కుట్టడానికి ఎంత తీసుకుంటావని అడిగి వెళ్ళిపోయారు.

ఉత్సవం నాటి సాయంత్రం గుమాస్తా కొండెక్కింది. రమ్మంటే వస్తుందన్న ఆశ లేదు. పెద్దావిడ అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఇంట్లో దీపం పెట్టలేదు. "అలవాటు లేని పని," అంది, ఎవరో అడిగినట్టు.

రేవు వీధి మొదట్లో నిలబడి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది. కిటికీలు, కొట్లు, తెరచాపల తాళ్ళు, అన్నింటి మీదా బల్బులే.

"ఇంతేనా?" అంది. "దీనికా ఈ గోలంతా?"

గుమాస్తాకి నవ్వొచ్చింది. వేరుశనక్కాయలు కొనిచ్చింది. ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. పెద్దావిడ కాయలు ఒలుస్తూ, నాలుగు పడవలు ఎటు నుంచి వచ్చాయని అడిగింది. గుమాస్తా చెయ్యి చాపి చూపించింది. తర్వాత ఉత్తరం వైపు రాళ్ళను పెద్దావిడ తనే చూసింది, అటు చూపించమని అడగలేదు. జనం పల్చబడేదాకా ఇంటికెళ్దామన్న మాట ఆవిడ నోట రాలేదు.