సరిహద్దు దాటిన బుడితి తపేలా

నేను ఒక ఇత్తడి తపేలాను. పుట్టింది శ్రీకాకుళం వైపు బుడితిలో. లోహం కరిగించి పోసి, సుత్తితో సాగగొట్టి, చింతపండు పులుసుతో తోమి నన్ను మెరుగుపెట్టిన కంచరి ఎవరో నాకు గుర్తులేదు. నన్ను కొనుక్కున్న మనిషి మాత్రం గుర్తుంది. పేరు తవిటమ్మ. వానలు లేక పొలాలు బీటలు వారిన ఏడు, మొగుడితో కలిసి ఓడెక్కి బర్మా వెళ్ళిపోయింది. బట్టలు మూటగట్టి నాలో కుక్కి, నన్ను ఒళ్ళో పెట్టుకుని సముద్రం దాటింది. దారంతా వాంతులే. అయినా నన్ను మాత్రం వదల్లేదు.

మౌల్మీన్ దగ్గర ఒక చిన్న పట్నంలో, తెలుగువాళ్ళుండే వీధిలో ఆమె పొయ్యి రాజేసింది. మొగుడు కలప మిల్లులో చేరాడు. పిల్లలు పుట్టారు, పెరిగారు, బర్మా బడుల్లో చదివారు. బయట బర్మా మాట, ఇంట్లో మన మాట. మధ్యలో ఒకసారి సైన్యం గద్దెనెక్కి దుకాణాలన్నీ లాక్కుంది. వీధిలో సగం మంది సామాను సర్దుకుని విశాఖపట్నం ఓడెక్కారు. తవిటమ్మ కదల్లేదు. "నా పురుళ్ళన్నీ ఇక్కడే పోసుకున్నాను. ఇంకెక్కడికెల్తాను?" అంది. ప్రభుత్వాలు వస్తాయి, పోతాయి, అన్నం మాత్రం రోజూ వండుకోవాలి అనే లెక్కలో ఆ ఇల్లు నడిచింది. గిన్నెను కాబట్టి నాకూ ఆ లెక్క సబబుగానే తోచేది.

తవిటమ్మ తర్వాత కోడలు, ఆ తర్వాత మనవరాలు గంగులమ్మ చేతికి వచ్చాను. గంగులమ్మ పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోయి పుట్టింటికి తిరిగొచ్చింది. తల్లిదండ్రులు కాలం చేశాక తమ్ముణ్ణి తనే పెంచింది. అక్కను అతను అప్పా అని పిలిచేవాడు. తమ్ముడి పేరు సింగన్న. ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారు. పాఠం చెప్పేటప్పుడు తప్ప గొంతెత్తని మనిషి. అతని భార్య దమయంతి ప్రభుత్వాసుపత్రిలో నర్సు. చేతివాసి మంచిదని ఊళ్ళో పేరు.

ఒక పుష్యమాసపు ఉదయం ఫోన్లు పలకలేదు. రేడియోలో కవాతు పాటలు మాత్రమే వచ్చాయి. జనం ఓట్లేసి ఎన్నుకున్నవాళ్ళను సైన్యం పట్టుకుపోయిందని మధ్యాహ్నానికి తెలిసింది. ఆ వారంలోనే డాక్టర్లూ నర్సులూ సైన్యం కింద పనిచేసేది లేదంటూ ఆసుపత్రి నుంచి బయటికొచ్చేశారు. దమయంతీ వచ్చేసింది. సింగన్న బడికి వెళ్ళడం మానేశాడు.

ఆ దేశంలో ఇంట్లో చెడుగాలి ఏదైనా చేరిందనుకుంటే గిన్నెలు వాయించి తరిమేస్తారు. పొద్దుగూకగానే ఊరు ఊరంతా కిటికీల దగ్గర నిలబడి అదే పని మొదలుపెట్టింది. గంగులమ్మ నన్ను పొయ్యి మీంచి దించి, తిరగేసి పట్టుకుని, గరిటెతో బాదింది. "సత్తు గిన్నెలు ఏటి పలుకుతాయి? ఇత్తడుండాల!" అని పక్కింటికి వినపడేలా గొప్ప చెప్పుకుంది. అన్నం వండడానికి పుట్టిన నేను ఆ సాయంత్రాల్లో అరిచినంతగా ఎప్పుడూ అరవలేదు. నా మోత చిన్నది. కానీ ఫిరంగులున్న ప్రభుత్వానికి ఆ చిన్న మోత పడలేదు. చప్పుడు చేస్తే జైలన్నారు. మోత వినపడిన కిటికీలకు గురిపెట్టి కాల్చారు. ఒక్కొక్క ఇల్లే మూగబోయింది. చివరికి ఏ ఇంటి గిన్నె ఆగిందో, ఎందుకాగిందో అడగడానికి కూడా జనం భయపడ్డారు. ఎదురింటివాళ్ళు మమ్మల్ని చూసి తలుపు వేసుకోవడం మొదలుపెట్టారు.

ఊరేగింపుల్లో దెబ్బలు తిన్నవాళ్ళు ఆసుపత్రికి వెళితే అక్కణ్ణుంచే పట్టుకుపోతున్నారు. అందుకని వాళ్ళు దమయంతి దగ్గరికి వచ్చేవారు. పెరటి గదిలో చాప మీద పడుకోబెట్టి ఆమె కుట్లు వేసేది. కత్తెరలూ సూదులూ నాలోనే మరిగేవి. ఒకమ్మాయికి తొడలోంచి తూటా తీస్తుంటే, ఆ పిల్ల కేక బయటికి వినపడకుండా గంగులమ్మ తన కొంగు ఆమె నోట్లో పెట్టింది. పని పూర్తయ్యాక దమయంతి చేతులు కడుక్కుంటూ, "వదినా, ఇది నేరమంట. కట్టు కడితే నేరమంట," అంది. నవ్వబోయింది. నవ్వు రాలేదు.

వాన కురుస్తున్న ఒక మధ్యాహ్నం సైనికులు వచ్చారు. దమయంతి ఎవరికో కట్టు మార్చడానికి వెళ్ళింది. సింగన్న ఒక్కడే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గంగులమ్మ నా కింద మంట ఎగదోస్తోంది. వచ్చినవాళ్ళలో అధికారి చాలా మర్యాదస్తుడు. బూట్లు గుమ్మం దగ్గర తుడుచుకుని మరీ లోపలికొచ్చాడు.

"నర్సుగారు ఎక్కడ, మాస్టారూ?"

"తెలియదండీ."

అధికారి నా మూత తీసి చూశాడు. మరుగుతున్న నీళ్ళలో రెండు కత్తెరలు. "మీ ఇంట్లో కూర ఇలా వండుతారా?" అని మెల్లగా నవ్వాడు. తర్వాత నన్ను తుపాకి మడమతో ఒక్కటి పొడిచాడు. మరిగే నీళ్ళు గంగులమ్మ కాళ్ళ మీద పడ్డాయి. నా నడుం దగ్గర పెద్ద సొట్ట పడింది.

సింగన్న చేతులు వెనక్కి కట్టారు. చెప్పులు వేసుకుంటానన్నాడు, వేసుకోనివ్వలేదు. "అప్పా, కాళ్ళకి చన్నీళ్ళు పోసుకో," అన్నాడు గుమ్మం దాటుతూ. ఆ ఇంట్లో అతను ఆడిన ఆఖరి మాట అదే. అధికారి గంగులమ్మ వైపు తిరిగి, "ఆవిడ వచ్చి కనిపిస్తే ఇతన్ని పంపించేస్తాం. మాకు ఇతనితో ఏం పని?" అని చెప్పి వెళ్ళాడు.

చీకటి పడుతుండగా దమయంతి పెరటి దారిన వచ్చింది. సంగతి విని ఏడవలేదు. తల దువ్వుకుంది. ఉతికిన చీర కట్టుకుంది.

"నేనెల్తాను వదినా. ఆళ్ళకి కావలసింది నేనే కదా."

గంగులమ్మ ఆరిన పొయ్యి ముందే కూర్చుంది. ఎత్తుకుని పెంచిన తమ్ముడు. వెళ్ళమనాలని ఆమె గుండెలో లేదని నేను చెప్పలేను. చివరికి లేచి, కాలిన కాళ్ళతో కుంటుకుంటూ వెళ్ళి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"ఆళ్ళ మాట నమ్మి నిన్నంపితే ఇద్దరూ పోతారు. రేపు నాను అన్నం పట్టుకెల్లి సూసొత్తాను. ఆడెలాగున్నాడో తెలిసినాక అప్పుడు సూద్దుం. నువ్వు తోటలోకి పో."

ఊరవతల తమలపాకు తోటలో ఒక పాక ఉండేది. దమయంతి అందులో దాక్కుంది. గంగులమ్మ పొద్దున్నే నాలో అన్నం వండి, క్యారేజీలో సర్ది, ఠాణాకు తీసుకెళ్ళేది. తమ్ముణ్ణి చూడనివ్వలేదు. కానీ కాపలావాడు క్యారేజీ తీసుకునేవాడు. సాయంత్రానికి ఖాళీది తిరిగి ఇచ్చేవాడు. ఖాళీ గిన్నెలు చూసి గంగులమ్మ ముఖం కాస్త విచ్చుకునేది. "తింటున్నాడు. మెతుకు మిగల్చలేదు," అని తోటకెళ్ళి మరదలికి చెప్పి వచ్చేది. అతనికిష్టమని ఎండు రొయ్యలు వేసి వంకాయ కూర చేసింది. అదీ ఖాళీ అయి వచ్చింది.

తర్వాత ఒకరోజు ఠాణాలో ఆమె చేతికి ఒక కాగితం, సింగన్న కళ్ళజోడు ఇచ్చారు. గుండె ఆగి చనిపోయాడట. దహనం కూడా వాళ్ళే చేసేశారట. బడికి వెళ్ళనిది కాబట్టి ఆమెకు బర్మా అక్షరాలు రావు. ఇంటికి వచ్చి కాగితం నా పక్కన పెట్టి కూర్చుంది. చీకటి మాటున వచ్చిన దమయంతి దీపం దగ్గర చదివింది. చదివి, తారీఖు దగ్గర ఆగిపోయింది.

"వదినా," అంది. "తీసికెల్లిన రోజే పోయారు."

"మరి కూడు?"

దమయంతి కాగితం మడిచింది. గంగులమ్మ నా వైపు చూసింది. నాలో ఇంకా పొద్దుటి అన్నం అడుగున అంటుకుని ఉంది. ఆమె బూడిద తీసుకుని నన్ను తోమడం మొదలుపెట్టింది. చేతులు ఎర్రబడేదాకా తోమింది.

ఒక మనిషి పుట్టిన నేలను ఎందుకు వదులుతాడని తర్వాత చాలామంది ఆ ఇద్దర్నీ అడిగారు. ఆ అన్నం గురించి తెలిశాక వాళ్ళు ఆ ఊళ్ళో ఇంకో పూట వండుకోలేకపోయారు. అంతకన్నా నాకు తెలియదు.

తెల్లవారగానే బయలుదేరారు. పెట్టెలు సర్దితే అనుమానం వస్తుందని గంగులమ్మ నన్నొక్కదాన్నే తీసుకుంది. నాలో బియ్యం, పప్పు పోసి పైన గుడ్డ కట్టింది. దమయంతి ముసుగు వేసుకుని కూలిమనిషిలా పక్కన నడిచింది. సరిహద్దు వైపు వెళ్ళే లారీ ఎక్కారు. దారిలో దాన్ని సైనికులు ఆపారు. ఒకడు తుపాకి కొసతో నా మీది గుడ్డ లేపాడు.

"ఇంత గిన్నె ఎక్కడికి?"

"సావింటికి. పెద్దకర్మ వంటకి," అంది గంగులమ్మ బర్మా మాటలో.

"చచ్చిందెవరు?"

"నా తమ్ముడు."

అబద్ధమాడేవాళ్ళ కళ్ళు వెతకడం అలవాటైన మనిషి ఆమె కళ్ళలోకి చూసి, లారీని పొమ్మన్నాడు. చెట్ల మధ్య నడిచి, పడవలో నది దాటి, వాళ్ళు థాయిలాండ్ ఒడ్డున అడుగుపెట్టారు.

అక్కడ బజారు వెనక ఒక ఇరుకు గది. మాలాంటివాళ్ళతోనే ఆ వీధి నిండిపోయింది. పోలీసులు కాగితాలు అడుగుతూ వస్తే అందరూ దొడ్డిదారిన పరుగెత్తేవారు. దొరికినవాళ్ళను కొందరిని నది అవతలికి పంపేసేవారు. దమయంతి శరణార్థుల కార్యాలయంలో ఆశ్రయం కోసం అర్జీ పెట్టుకుంది. విచారణకు పిలిచారు. తిరిగొచ్చాక అక్కడ జరిగింది వదినకు చెబుతుంటే విన్నాను. విదేశీ దొరసాని ఒకావిడ, "గుండెపోటు అని కాగితంలో ఉంది కదా, మీ ప్రభుత్వమే చంపిందని ఎలా చెప్పగలరు?" అని అడిగిందట. మనుషులు తమ భయాన్ని నమ్మించుకోవడానికి కూడా భయపెట్టినవాళ్ళు ఇచ్చిన కాగితమే చూపించాలి. దమయంతి ఆ తారీఖు చూపించి, ఆ తర్వాత కూడా ఠాణాలో క్యారేజీ తీసుకున్నారని చెప్పిందట. దొరసాని రాయడం ఆపేసి, కాసేపు కిటికీలోంచి బయటికి చూసిందట.

చాలా కాలానికి ఒక చలిదేశం దమయంతిని రమ్మంది. గంగులమ్మను రమ్మనలేదు. వాళ్ళ లెక్కలో భర్త అక్క కుటుంబం కాదు. ఆమె అర్జీ వేరే, ఆమె వంతు వేరే.

"నిన్నొదిలి నేనెల్లను," అంది దమయంతి.

"నీ పేరు ఆళ్ళ దగ్గరుంది. నాను ముసిలిముండని, నన్నెవులు అడుగుతారు?" గంగులమ్మ ఆమె ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఎల్లు తల్లీ. మా తమ్ముడెలా పోనాడో నోరిప్పి సెప్పేవాళ్ళు ఒకరుండాల."

దమయంతి వెళ్ళిపోయింది. సింగన్న కళ్ళజోడు తీసుకెళ్ళింది.

తర్వాత గంగులమ్మ బజారులో కూర్చుని నాలో శనగలు ఉడకబెట్టి అమ్ముకునేది. ఒకరోజు తెల్ల చొక్కా వేసుకున్న మనిషి వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. ఎప్పుడూ చూసిన ముఖం కాదు.

"అప్పా, బాగున్నావా?" అన్నాడు, మన మాటలోనే.

గంగులమ్మ చేతిలో గరిటె ఆగింది.

"నర్సమ్మ ఏ దేసం ఎల్లింది? మనోళ్ళం కదా, ఇసయం కనుక్కుందామని."

"ఏ నర్సమ్మ నాయినా? నాకెవులూ లేరు."

అతను పొట్లంలోని శనగలు నింపాదిగా తిన్నాడు. బాగున్నాయన్నాడు. లేచి చేతులు దులుపుకుంటూ, "నీ గది తలుపుకి గొళ్ళెం సరిగా పడ్డంలేదప్పా. బాగుచేయించుకో. ఒంటరి మనిసివి," అని చెప్పి జనంలో కలిసిపోయాడు.

మర్నాడు పొద్దున్న ఆమె ఎప్పట్లాగే నా కింద మంట పెట్టింది. నీళ్ళు కాగుతుండగా, ఉప్పు కొనడానికి వెళుతున్న మనిషిలా చిన్న సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి నా వైపు చూసింది. నేను బరువు. నన్ను మోస్తూ వెళ్ళే మనిషిని ఎవరైనా గుర్తుపడతారు. ఆమె తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. మంట దానంతటదే ఆరిపోయింది.

అద్దె రాని గదిని ఇంటివాళ్ళు ఖాళీ చేసి, నన్ను పాత సామాన్ల కొట్లో వేశారు. విరిగిన ఫ్యాన్లకూ తుప్పు పట్టిన సైకిళ్ళకూ మధ్య ఉన్నాను. నాలో వాననీళ్ళు నిలిచాయి.

నిన్న ఆ తెల్ల చొక్కా మనిషి ఈ కొట్టుకు వచ్చాడు. నన్ను ఎత్తి, నీళ్ళు పారబోసి, నడుం దగ్గరి సొట్ట మీద బొటనవేలు పెట్టి చూశాడు. దీని సొంతదారు ఎటు వెళ్ళిందని కొట్టువాణ్ణి అడిగాడు. కొట్టువాడు తల అడ్డంగా ఊపి, తన తూకం తను చూసుకున్నాడు.

అతను నన్ను జాగ్రత్తగా నేల మీద పెట్టి, బస్సుల స్టాండు వైపు నడిచాడు. ఆమె వెళ్ళింది ఆ దారినేనో కాదో నాకు తెలియదు. తెలియనందుకు సంతోషించడం నా బతుకులో ఇదే మొదలు.