మూడోసారి వచ్చిన చప్పుడు

మోటారు సైకిలు వెనక చక్రాన్ని చేత్తో తిప్పి, కింది వరస చైనును మేస్త్రీ వేలితో పైకి నొక్కి చూశాడు. రెండు వేళ్ల ఎత్తు లేచింది. అతని లెక్కకు ఉండాల్సింది అంతే. ఇరుసు దగ్గరి గుర్తులు రెండు పక్కలా వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నాయి. అయినా ఈ నెలలో బండి తిరిగి రావడం ఇది మూడోసారి.

"మళ్లీ అదేనా?" షెడ్డు యజమాని కుర్చీలోంచే అరిచాడు. "ఇంకోసారి వచ్చిందంటే నువ్వు పంక్చర్లేసుకో. చైన్లు కొత్తవాడు చూస్తాడు."

ముప్పై ఏళ్ల పని. గోళ్ల కింద గ్రీజు పెళ్లినాడు కూడా పోలేదు. కంచం ముందు కూర్చున్నా చెవి వీధిలో పోయే బండ్ల మీదే ఉండేది. నలుగురిలో చెప్పుకోవడానికి అతనికున్నది ఒక్కటే: తను బిగించిన చైను తిరిగి రాదు. పానాను నేలకేసి కొట్టాడు.

"మీకేం వినిపిస్తోంది గురువుగారూ? నాకు వినపడి చావదే!"

బండి తెచ్చింది గడియారాలు బాగుచేసే పెద్దాయన. "గుంట వచ్చినప్పుడల్లా టకటకమంటోంది మేస్త్రీ."

"పొద్దస్తమానం గడియారాలు వింటే చెవిలో టకటక కాక పాటలొస్తాయా?"

ఆయన నవ్వబోయి, బండి హ్యాండిలు పట్టుకున్నాడు.

"సరే, ఎక్కి కూర్చోండి," మేస్త్రీ విసుక్కున్నాడు. "ఇద్దరెక్కితే వెనక కుంగి చైను లాగేస్తుంది. అందుకే మీ బండికి ఎప్పుడూ కాస్త వదులెక్కువ పెడతా. అమ్మగారు కూర్చున్నప్పుడు కూడా వస్తోందా చప్పుడు?"

పెద్దాయన ముందు చక్రం వైపు చూశాడు.

"ఆవిడ ఇంక కూర్చోదు మేస్త్రీ. పోయి నెల దాటింది."

యజమాని చేతిలో పేపరు కిందికి దిగింది.

"అయ్యో... ఒక్క మాట చెప్పలేదేమండీ?" అన్నాడు మేస్త్రీ.

"మూడుసార్లూ చెబుదామనే వచ్చాను. చప్పుడుందని మాత్రం చెప్పగలిగాను."

మేస్త్రీ ఇరుసు నట్టు వదులు చేశాడు. చైను లాగే మరను ఒక పక్క అరచుట్టు, రెండో పక్క అరచుట్టు తిప్పాడు. ఒక్క మనిషికి ఎంత వదులు కావాలో అంతే ఉంచి బిగించాడు. కోపం తగ్గలేదు, ఎవరి మీద చూపించాలో తెలియలేదు. యజమాని లేచొచ్చి బండిని వెనక పట్టుకుని స్టాండు మీంచి దించాడు.

పెద్దాయన వెనక సీటుకు కట్టి ఉన్న చిన్న మెత్తను విప్పి బల్ల మీద పెట్టాడు. "ఇది ఇక్కడుండనీ. ఇంట్లో చూడలేను."

బండి గుంటల్లో పడుతూ లేస్తూ వీధి మలుపు తిరిగింది. మేస్త్రీ చెవి ఒగ్గి విన్నాడు. చప్పుడు లేదు.

బల్ల మీద, పానాల మధ్య, ఒక పక్కకు తిరిగి కూర్చునే మనిషి బరువుకు ఆ మెత్త ఎడమవైపు అణిగే ఉంది.