రెండు కన్నాల పెట్టె

మా ఆయనకి పాటంటే చెవి కోసుకునేంత ఇష్టం. ఆ చెవులు ఇంకా తలకి అతుక్కునే ఉన్నాయంటే అది నా ఓపిక. పగలంతా ఆయన సీసాల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. బెల్టు మీద సీసాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ గలగలలాడుతూ పోతుంటే, చెవుల్లో రబ్బరు బిరడాలు పెట్టుకుని, మనుషులతో సైగలతో మాట్లాడి వస్తారు. ఇంటికి రాగానే నాలుగు మంచి శబ్దాలు చెవిన పడాలని ఆ మనిషికి ఉంటుంది. దాన్ని నేనెప్పుడూ తప్పుపట్టలేదు. నా గొడవంతా పెట్టెతో.

పెట్టె సంగతి కంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా అత్తయ్య ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీలే అడిగి మరీ వేయించుకుంటారు. మధ్యాహ్నం ఇంటి పనులు చూసుకుని, సాయంత్రం పడుకుని, ఎనిమిదింటికి లేస్తారు. ఆవిడ గదికీ మా గదికీ మధ్య ఉన్నది పల్చటి చెక్క గోడ. అందుకని సాయంత్రాలు మా ఇంట్లో గరిటె కింద పెట్టాలన్నా గుడ్డ వేసి పెట్టాల్సిందే. నేను కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేస్తాను. మేమిద్దరం ఇల్లు చేరేది దాదాపు ఒకేసారి. అత్తయ్య లేచాక వంట, ఆవిడ క్యారేజీ, మర్నాటి బట్టలు, ఆ పైన ఇద్దరం ఎక్కడివాళ్ళం అక్కడే నిద్రలోకి. అంటే రోజు మొత్తం మీద మొగుడూ పెళ్ళాం అని కూర్చునేది ఆవిడ లేచేలోపు ఉన్న ఆ కాసేపే.

ఆ కాసేపట్లో మేము నాటకాలు వినేవాళ్ళం. ఫోన్లో వస్తాయే, ఆ కామెడీ నాటకాలు. ఒక కుటుంబం లాడ్జి నడుపుతుంటుంది, వచ్చినవాడల్లా ఏదో ఒక తిరకాసు పెడతాడు. చిన్న ఇయర్‌ఫోన్లు ఒకటి ఆయన చెవిలో, ఒకటి నా చెవిలో. అత్తయ్యకి వినపడకుండా నవ్వాలంటే నేను దిండు కొరకాల్సి వచ్చేది.

అలా హాయిగా ఉన్న కొంపలోకి, రికార్డింగ్ స్టూడియో మూసేస్తున్న స్నేహితుడొకడు తన పాత హెడ్‌ఫోన్లు తెచ్చి ఈయన చేతిలో పెట్టాడు. ఒక్కొక్కటి కూరగిన్నెంత ఉంది. ఈయన వాటిని తలకి తగిలించుకుని, ఫోన్ సౌండు మొత్తం పెంచి, కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచారు.

"ఏమైంది?"

"పక్క వీధిలో ఎవరో పాడుతున్నట్టుంది."

"పాడైపోయాయేమో."

"పాడవడమేంటి! ఇవి స్టూడియోవి. ఫోన్ బలానికి ఇవి లేవవు. మధ్యలో ఒక ఆంప్లిఫయర్ ఉండాలి. చిన్న పెట్టె. దొరుకుతుందిలే, మనకి అందే ధరలోనే."

దొరికే దాకా ఎలా గడిచిందో నన్నడగండి. రెండు నెలల పాటు మా ఆయన ఆ కాసేపూ ఫోన్లో తల దూర్చి ఆంప్లిఫయర్ల గురించి జనం రాసుకున్నవి చదివారు. పక్కన కూర్చుని నేనూ ఓ కన్నేసేదాన్ని. ఒకాయన తన పెట్టె శబ్దం "వెచ్చగా" ఉందన్నాడు. ఇంకొకాయనకి గాయని వెనక "గాలి ఆడుతోంది". మరొకాయన దాంట్లో నిశ్శబ్దం "చిక్కగా" ఉంటుందట.

"నిశ్శబ్దం కోసమైతే పెట్టె ఎందుకండీ? రెండు నెలలుగా మనింట్లో బోలెడంత ఉందిగా," అన్నాను.

"అది వేరు," అన్నారు, తలెత్తకుండానే.

ఏదో ఒకటి కొనమంటే ధర తక్కువగా ఉంటే అనుమానం, ఎక్కువగా ఉంటే బెంగ. ఒకటి నచ్చిందనుకునేలోపు ఎవడో అది వేడెక్కుతుందని రాస్తాడు. పెళ్ళిచూపుల్లో నన్ను పది నిమిషాలు చూసి ఊ అన్న మనిషి, అరచేతిలో పట్టే పెట్టెకి రెండు నెలలు! కోపం రాదూ? వచ్చింది. ఒక శుక్రవారం ఫోన్ లాక్కుని చెప్పేశాను. "రేపు షాపుకెళ్ళి పెట్టె తెస్తే తెచ్చారు. లేకపోతే ఈ కూరగిన్నెల్లో నిజంగానే కూర వండుతాను."

మర్నాడు ఒకటి కాదు, రెండు తెచ్చారు. షాపతను మంచివాడు. ఈయన బేరం వినీ వినీ తల ప్రాణం తోకకొచ్చి, "సార్, రెండూ తీసుకెళ్ళి విని, సోమవారం ఒకటి తెచ్చిచ్చెయ్యండి," అని పంపించాడట. ధర రెండింటిదీ ఇంచుమించు ఒకటే, మాకు అందేదే. ఒకటి వెండిరంగుది, ఒకటి నల్లది. ఈయన వాటి వెనక భాగాలు చూసుకుంటుంటే నేను ముందు భాగాలు చూశాను. వెండిరంగు దానికి హెడ్‌ఫోన్ పెట్టుకునే కన్నం ఒకటే. నల్లదానికి పక్కపక్కన రెండు.

రెండు! ఒకటి ఆయనకి, ఒకటి నాకు. అంతవరకూ నాకు ఆంప్లిఫయర్ల మీద ఏ అభిప్రాయమూ లేదు. ఆ క్షణం నుంచి నల్లది నా పార్టీ. పైకి మాత్రం ఏమీ అనలేదు. నా కోసమని కొంటే జీవితాంతం ఆ సౌండు బాగాలేదని మూలుగుతారు, నాకు తెలుసు. దానంతటదే గెలవాలి.

"వీటిలో ఏది బాగుందో నువ్వే తేల్చాలి. చూస్తూ వింటే నా చెవి మోసం చేస్తుంది," అన్నారు. "నీకు ఇది రోజూ చేసే పనేగా."

నిజమే. రోజూ అదే పని. కళ్ళ ముందు ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడగడం. అవసరమైనదానికన్నా కాస్త పవర్ ఎక్కువ వేస్తే అక్షరాలు నల్లగా కనపడతాయి, జనం అదే బాగుందంటారు. శబ్దమూ అంతేనట, కొంచెం గట్టిగా మోగినదే గొప్పగా అనిపిస్తుందట. అందుకని ముందు ఫోన్లో కొలిచే యాప్ పెట్టి, రెండు పెట్టెల సౌండూ సమానం చేసి, వాల్యూమ్ నాబ్‌లు కదలకుండా టేపు అంటించాను. ఆయన కళ్ళకి తుండుగుడ్డ కట్టాను. గుడ్డతో, ఆ కూరగిన్నెలతో ఆయన అవతారం చూసి నవ్వాపుకోవడం కష్టమైంది.

"చూడండి, నన్ను మెప్పించాలని చెప్పొద్దు. వినపడిందే చెప్పండి," అన్నాను, షాపులో చెప్పే గొంతుతోనే. "ఇది ఒకటి... ఇది రెండు."

"రెండు," అన్నారు వెంటనే. రెండోది వెండిరంగుది.

తారుమారు చేసి పెట్టాను. "ఒకటి... రెండు."

"ఇప్పుడు ఒకటి."

మళ్ళీ వెండిదే. షాపులో మేము ఒకటి చేస్తాం. అద్దం తీసినట్టే తీసి, మళ్ళీ అదే పెట్టి అడుగుతాం. నోటికొచ్చింది చెప్పేవాళ్ళు అక్కడ దొరికిపోతారు. అదీ చేశాను. నల్లదాన్లోంచి తీగ పీకి, మళ్ళీ నల్లదాన్లోనే పెట్టాను.

ఆయన తల పక్కకి వాల్చి విన్నారు. "ఇదిగో, నువ్వేమీ మార్చలేదు కదూ?"

ఒప్పుకుంటున్నాను, మనిషికి చెవులున్నాయి. ఇన్నాళ్ళూ ఉత్త పిచ్చి అనుకున్నాను. ఆ పిచ్చి వెనక నిజంగా ఇంత పదునుందని నాకు ఆ రోజే తెలిసింది, కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఆ గర్వంతో పాటే ఏడుపూ వచ్చేలా ఉంది.

"సరే, ఏదో చెప్పు. రెండుసార్లూ నేను బాగుందన్నది ఏ రంగుది?"

కళ్ళకి గుడ్డ. తీగ నా చేతిలో. "నల్లది" అని ఒక్క మాట అంటే చాలు, రేపటినుంచి మళ్ళీ ఇద్దరం కలిసి నవ్వుకుంటాం. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పొద్దస్తమానం జనానికి "ఉన్నది చెప్పండి" అని చెప్పే నోరు ఇది, తిరగలేదు.

"వెండిరంగుది," అన్నాను.

"అబ్బ! నేననుకుంటూనే ఉన్నా," అని గుడ్డ విప్పేసి, నా మొహం చూసి ఆగిపోయారు. "ఏమైంది?"

"ఏం కాలేదు."

"ఏమీ కాకపోతే ముక్కు ఎందుకు ఎర్రబడింది?"

ఇంక ఆగలేదు. "నల్లదానికి రెండు కన్నాలున్నాయండీ! చూశారా మీరు? చూడరు. దాని వెనక ఏముందో చూశారు, లోపలేముందో చదివారు. నేను మీ పక్కన రెండు నెలల్నుంచి సోఫా దిండులా పడున్నాను. ఆ లాడ్జి వాళ్ళకేమైందో కూడా తెలీదు నాకు. మీతో కలిసి వినాలని నాకుంది, అంతే. సౌండు ఎలా ఉంటే నాకేం!" ఇదంతా గుసగుసగానే, గోడ అవతల అత్తయ్య ఉన్నారుగా. గుసగుసగా పోట్లాడటం ఎంత కష్టమో అనుభవిస్తే గాని తెలియదు.

ఆయన వెండిరంగు దాన్ని ఒకసారి చేత్తో తడిమి, అట్టపెట్టెలో పెట్టి మూసేశారు. "నల్లదే ఉంచుకుందాం."

"మీకు నచ్చింది అది కాదుగా."

"ఆఁ, సౌండుదేముందిలే."

ఆ మాట ఆ నోట వినడం!

ఆదివారం సాయంత్రం ముస్తాబు చేసుకుని మరీ కూర్చున్నాం. ఆయన కూరగిన్నెలు ఒక కన్నంలో, నేను ఫోన్ మాట్లాడటానికి వాడే చిన్న హెడ్‌ఫోన్ రెండో కన్నంలో. లాడ్జి నాటకం పెట్టి, ఆయన నాబ్ తిప్పారు. నా చెవుల్లో బాంబు పడింది. లాగి అవతల పారేసి, నోరు మూసుకుని మంచం మీద గిలగిలలాడాను.

అదీ తిరకాసు. నా బుల్లి హెడ్‌ఫోన్ మోగడానికి చెంచాడు బలం చాలు, ఆయనవాటికి బకెట్లు కావాలి. కన్నాలు రెండున్నాయి గాని నాబ్ ఒక్కటే. ఆయన దాన్ని మెల్లగా తగ్గిస్తూ, నా వంక చూస్తూ, నేను తలూపిన చోట ఆపేశారు.

"మరి మీకో?"

"నాకు బాగుంది. హాయిగా వినపడుతోంది."

నాటకం మొదలైంది. లాడ్జి గుమస్తా ఒకే గదిని రెండు పెళ్ళిబృందాలకి ఇచ్చేశాడు. నేను నవ్వాను, ఆయనా నవ్వారు. వంటవాడు పెళ్ళికొడుకు బూట్లు దాచాడు. నేను నవ్వాను, ఆయనా నవ్వారు. రెండు నెలల దిగులు ఎగిరిపోయింది నాకు. ఇంకో జోకు పడింది, నవ్వుతూ ఆయన వైపు తిరిగాను. అప్పుడు కనపడింది.

చార్టు చదవలేనివాళ్ళు మా షాపుకి రోజూ వస్తారు. వాళ్ళు చార్టు వైపు చూడరు. తోడొచ్చినవాళ్ళ మొహం వైపు చూస్తారు, అక్కడేమన్నా అక్షరం దొరుకుతుందేమోనని. మా ఆయన నా మొహం వైపు అలా చూస్తున్నారు. నా పెదవి కదిలాక ఆయన పెదవి కదులుతోంది.

నాటకం ఆపాను. "గుమస్తా ఏమన్నాడు చెప్పండి."

"ఏదో... గది ఖాళీ లేదన్నాడు."

"వంటవాడు?"

"వంట కాలేదన్నాడు."

"మీకు ఒక్క ముక్కైనా వినపడుతోందా అసలు?"

ఆయన కూరగిన్నెలు మెడలోకి జార్చుకున్నారు. "లేదు. అయినా నువ్వు నవ్వుతున్నావుగా. అదే చూస్తున్నా, బాగుంది."

రెండు నెలలు ఊరూపేరూ తెలియనివాళ్ళ రాతలన్నీ చదివి, మంచి సౌండు కోసం నా ప్రాణం తీసిన మనిషి, ఏమీ వినపడకుండా కూర్చుని బాగుందంటున్నారు. ఏం చెయ్యాలి ఈ మనిషిని? నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. నా తీగ పీకేశాను. నాబ్ ఆయనకి సరిపడా తిప్పాను.

"మీరు వినండి. విని నాకు చెప్పండి."

"చెప్పడమేంటి?"

"వాళ్ళేమంటే అది నా చెవిలో చెప్పండి. గొంతులు కూడా రావాలి."

ముందు సిగ్గుపడ్డారు. తర్వాత నా చెవి దగ్గర నోరు పెట్టి గుమస్తాగా మొదలెట్టారు. గుమస్తాకి వాళ్ళ ఫ్యాక్టరీ మేనేజరు గొంతొచ్చింది. పెళ్ళికూతురి తల్లికి అచ్చంగా మా అత్తయ్యది. మధ్యలో ఆయనకి ముందే నవ్వొచ్చేసి మాట ఆగిపోతుంది, నేను "ఏంటి, ఏంటి?" అని చొక్కా పట్టుకుని గుంజుతాను, నవ్వయ్యాక చెబుతారు, అప్పుడు నేను. దిండు కొరికినా లాభం లేకపోయింది. కడుపు చెక్కలయ్యేలా, పైకే, గోడ అదిరేలా నవ్వేశాను.

తలుపు తెరుచుకుంది. జుట్టు విరబోసుకుని అత్తయ్య.

"ఏరా, ఏంటా నవ్వులు?"

ఇద్దరం స్కూలు పిల్లల్లా లేచి నిలబడ్డాం. "సారీ అత్తయ్యా, నిద్ర పాడుచేశాం. ఇంకెప్పుడూ..."

"నా మొహం, నిద్ర ఎక్కడుందే అమ్మాయ్? ఇదివరకు మీరిద్దరూ గోడవతల కిచకిచలాడుతుంటే ఇట్టే కునుకు పట్టేది. ఈ మధ్య చప్పుడే లేదు. పోట్లాడుకున్నారేమో, అడుగుదామా వద్దా అని పైకప్పు చూస్తూ పడుకుంటున్నాను." ఆవిడ మా ఇద్దరినీ ఒకసారి తేరిపార చూసి, ఆవులించి, తలుపు దగ్గరికి వేశారు. అవతల్నుంచి గొంతు. "కానివ్వండి, కానివ్వండి."

నేను నల్ల పెట్టెని ఆయన వైపు జరిపాను.

"రేపు నల్లది ఇచ్చేసి రండి. వెండిరంగుది ఉంచుకుందాం," అన్నాను.

"మరి రెండు కన్నాలో?"

"ఎందుకు? నాకు మీరు చెప్పేదే బాగుంది. ఇంతకీ ఆ రెండో పెళ్ళికొడుకు ఏమయ్యాడు?"

ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాసేపు విని, నా చెవి దగ్గరికి వంగారు.